‘నార్‌బరీ’ యను మాట



ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన దినములనుండి షెర్లాక్ హోమ్సు నాకు ఆప్తమిత్రుడు. బూటునకంటిన మట్టిని జూచి మనిషి వచ్చిన త్రోవ చెప్పగల ఆ అపరాధపరిశోధకుని కథలను శనివారములందు తరగతిలో చదివి, తెలుగున వివరించుట నా వాడుక. మా కనకమామిడి పిల్లలు లండనులోని బేకరువీధిని తమ యూరి వీధివలె నెరుగుదురు.

ఈయేడు ఒక శనివారమున, 1926లో వెలువడిన ‘త్రీ గేబుల్సు’ కథను చేపట్టితిని. అందు స్టీవ్ డిక్సీ యను నల్లజాతి ముష్టియోధుడు హోమ్సును బెదరింప వచ్చును. హోమ్సు వాని పెదవులను, వాని మేని వాసనను ఎగతాళి చేయును. నేను ఆలోచింపక చదివివేసితిని. తరగతి గొల్లున నవ్వెను. వెనుకబల్లమీది బాలుడొకడు మాత్రము తల వంచుకొనెను.

పిమ్మట వాదము పుట్టెను. “వాడు దుర్మార్గుడు గదా, అంటే తప్పేమి?” అని యొకడు. “ఆ కాలములో అందరూ అట్లే అనేవారు, సార్” అని వేరొకడు. “అట్లయితే ఈ పుస్తకమే మనకు వద్దు” అని యొక బాలిక.

మొదటి వాదము నిలువదు. బెదరించుట డిక్సీ తప్పు, దానిని ఖండింపవచ్చును. పెదవులును వర్ణమును ఎవని తప్పును గావు. రెండవదియు నిలువదు. 1893లోనే కోనన్ డాయిలు ‘పచ్చని ముఖము’ కథను వ్రాసెను. అందు ఒక ఆంగ్లేయుడు, తన భార్యకు మొదటి పెండ్లివలన గలిగిన నల్లని బిడ్డ యున్నదని తెలిసి, ఆ బిడ్డను ఎత్తి ముద్దాడి, భార్యకు చేయందించి నడచును. ముప్పదిమూడేండ్లకు ముందే ఆ రచయిత మర్యాద నెరుగును.

బాలిక మాటలోని నొప్పి నిజము. అయినను పుస్తకమును పారవేసినచో అందలి మందును సయితము పారవేయుదుము. ఆ ‘పచ్చని ముఖము’ కథలోనే హోమ్సు ఊహ తప్పెను. సంగతి జరిగిన యూరు నార్‌బరీ. తనకు గర్వము హెచ్చినట్లు తోచినప్పుడు “నార్‌బరీ” యని తన చెవిలో చెప్పుమని హోమ్సు తన మిత్రుడు వాట్సనును వేడుకొనెను.

ఇక నా సంగతి. అంతకు నెల ముందు, తల వంచుకొన్న ఆ బాలుని మేనిచాయను నేను నల్లబల్లతో పోల్చి పరిహాసమాడియుంటిని. నాడును తరగతి నవ్వెను. నాడును వాడు తల వంచెను. నాకేమియు తోచలేదు. హోమ్సు నోట విన్న పిదపనే నా మాట నాకు వినబడెను. నాలుక నిప్పువంటిదని యాకోబు పత్రిక మూడవ అధ్యాయమునుండి ఎన్నియో పర్యాయములు బోధించితిని, కాల్చినవాడను నేనే.

తరగతి యెదుట వానిని క్షమాపణ వేడితిని. వాడు కొంత తడవు మిన్నకుండి, “కథ పూర్తి చేయండి, సార్” అనెను. పూర్తిచేసితిని.

నాటినుండి మా తరగతిలో ఒక నియమము కలదు. నేను మాట తూలినయెడల పిల్లలలో నెవరైనను “నార్‌బరీ” అనవచ్చును. ఇప్పటికి రెండుమార్లు అనిరి. రెండుమార్లును వారిదే న్యాయము.