ఓడిపోయే తీరిక

ముంబై దగ్గరి మరమగ్గాల ఊరు భివండిలో మనిషి వయసెంతో తెలియాలంటే అతని ఫోనులో ఏ ఆట ఉందో చూస్తే చాలు. పద్మనగర్ చాయ్ దుకాణాల ముందు ఇరవై ఏళ్ల పిల్లలు నలుగురేసి కూడి బీజీఎంఐ ఆడుతుంటారు. ముప్పై దాటినవాళ్లు క్యాండీ క్రష్‌లో మిఠాయిలు జరుపుతూ కనిపిస్తారు. నలభై దాటితే లూడో కింగ్, చిన్నప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో గీసి ఆడిన పచ్చీసును తలపిస్తుంది కాబట్టి. యాభై దాటినవాళ్ల ఫోనులో పాత సినిమాలుంటాయి, ఊళ్లో జరిగిన పెళ్లిళ్ల వీడియోలుంటాయి, ఆట మాత్రం ఉండదు. కొత్త ఆటేదైనా చూపించి ఫోను చేతికిస్తే తిరిగి ఇచ్చేస్తారు. "గీ వయసుల మనకెందుకు తమ్మీ గివి" అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అలా అంటున్నవాళ్లలో చాలామందిని నేను వీడియో గేమ్ పార్లర్‌లో చూశాను. అప్పుడు వాళ్లకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కొత్త మిషన్ వచ్చిందని తెలిస్తే రాత్రి పాళీ దిగి ఇంటికి కూడా పోకుండా అక్కడికే వచ్చేవాళ్లు.

మాది కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చిన పద్మశాలీల వాడ. చేమగ్గం మీద బతుకు గడవక మా పెద్దలు షోలాపూర్, ముంబై, సూరత్, భివండి దారి పట్టారు. ఇక్కడ సాంచాలు నడిపారు. మరమగ్గానికి మేం పెట్టుకున్న పేరు అదే. తొంభైల్లో కార్ఖానాల సందుల్లో అక్కడక్కడ ఒక్కో గది గేమ్ పార్లర్‌గా మారింది. గుమ్మానికి పరదా, లోపల చీకటి, మూడు నాలుగు పెట్టెలు. బయట సాంచాల మోత ఎంతుండేదో లోపల ఆటల మోత అంతుండేది.

ఆ రోజుల్లో రాజ్యమేలిన ఆట ముస్తఫా. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. మన దేశంలో పిల్లలంతా ఆటలోని ఒక వీరుడి పేరునే ఆటకు పెట్టేశారు. ముగ్గురు కలిసి ఒకే పెట్టె మీద ఆడొచ్చు. బిళ్ల కొనడానికి డబ్బులున్నవాళ్లు ముగ్గురైతే, లేనివాళ్లు వాళ్ల వెనక గుమిగూడి చూసేవాళ్లు. అసలు చదువంతా ఆ వెనక నిలబడ్డవాళ్లదే. ఏ పీపా పగలగొడితే తిండి దొరుకుతుందో, పెద్ద రాక్షసుడు ఎటు నుంచి దూకుతాడో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో డబ్బు ఖర్చు పెట్టకముందే తెలిసిపోయేది. తీరా చేతికి బిళ్ల దొరికిన రోజున మొదటి మలుపులోనే చచ్చిపోతే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. పక్కనున్న అన్న "గట్ల కాదు, ముందుగాల్ల ఉరికి తన్ను" అని చెయ్యి పట్టి చూపించేవాడు. ఓటమికి సిగ్గు లేదు, దానికి సాక్షులుగా ఉన్నవాళ్లే గురువులు.

సాంచా పని నేర్చుకున్నదీ ఇలాగే. నాన్న పక్కనో, మేనమామ పక్కనో నిలబడి చూడాలి. నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొడుతుంటుంది. దానిలోని కండె అయిపోబోతోందని కన్ను పసిగట్టాలి, పిడి లాగి సాంచా ఆపాలి, ఖాళీ కండె తీసి నిండు కండె పెట్టాలి, దారం కొస నాడె కంటిలోంచి బయటికి తీయాలి, మళ్లీ పిడి తోయాలి. చూస్తుండగానే అయిపోతుంది. దీనికి పుస్తకం లేదు, పాఠం లేదు. కొన్నాళ్లు చూడటం, ఓ రోజు చెయ్యి పెట్టడం, దారం తెగడం, తిట్టు తినడం, మళ్లీ చెయ్యి పెట్టడం. మా వాడలో ఆటైనా పనైనా భుజం పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ఇప్పుడు వయసు సంగతికి వస్తాను. వయసు ఏమీ తీసుకోదని నేననను. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధవ్యూహాల ఆట ఆడే 3,305 మంది ఆటల లెక్కలు తీశారు. వాళ్ల వయసు 16 నుంచి 44 దాకా. కొత్త దృశ్యం కంటపడిన క్షణానికీ చెయ్యి కదిలిన క్షణానికీ మధ్య వ్యవధి 24 ఏళ్ల నుంచే పెరగడం మొదలవుతుందని తేలింది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఏళ్ల తరబడి నూలు తాకి ఆరిపోయిన, కాయలు కాచిన వేళ్లను ఫోను తెర ఒక్కోసారి గుర్తించదు. పైగా ఆటలోని సూచనలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి.

కానీ ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. పెద్దవాళ్లు ఆ వేగం లోటును ఊరికే భరించలేదు. చిన్న దారులు వెతుక్కున్నారు, తక్కువ కదలికలతో ఎక్కువ పని జరిగే పద్ధతులు పట్టుకున్నారు. అంటే వేగం తగ్గడం వేరు, మోజు తగ్గడం వేరు. చెయ్యి నెమ్మదించినంత మాత్రాన మనసు విరగాలని లేదు. మరి మనసెందుకు విరుగుతోంది?

నాకు దొరికిన మంచి జవాబు స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ చెప్పింది. మనిషి ముందు ఎంత కాలం మిగిలి ఉందనుకుంటాడో దాన్నిబట్టి అతని ఎంపికలు మారతాయంటారావిడ. ఎదర చాలా కాలం ఉందనుకునేవాళ్లు కొత్త మనుషుల్నీ కొత్త సంగతుల్నీ వెతుక్కుంటారు. కొద్ది కాలమే ఉందనుకునేవాళ్లు తెలిసినవాళ్లనూ నచ్చినవాటినీ పట్టుకుని ఉంటారు. ఆవిడా, ఆవిడతో పనిచేసినవాళ్లూ కాస్త తీరిక దొరికితే ఎవరితో గడుపుతారని జనాన్ని అడిగారు. పెద్దవాళ్లు సొంతవాళ్లతోనే అన్నారు. కొత్త వైద్యం వచ్చి మీకు ఇంకో 20 ఏళ్ల ఆయుష్షు కలిసిందనుకోండి అని అడిగితే, ఆ పెద్దవాళ్లే కుర్రవాళ్లలా జవాబిచ్చారు. త్వరలో ఊరు వదిలి దూరం వెళ్లిపోతారనుకోమంటే కుర్రవాళ్లు పెద్దవాళ్లలా జవాబిచ్చారు. అసలు కీలకం ఎన్నేళ్లు గడిచాయన్న దానిలో లేదు, చేతిలో ఎంత కాలం ఉందన్న దానిలో ఉంది.

ఈ మాటను మా ఊరికి తెచ్చి చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. సాంచా మీద పనిచేసేవాడికి నేసిన గుడ్డను బట్టే కూలి. పాళీ 12 గంటలు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిని పడుకుంటే మళ్లీ పాళీ వేళవుతుంది. అతను ముప్పై ఏళ్లవాడే కావచ్చు, కానీ చేతిలో ఉన్న కాలం లెక్క చూస్తే డెబ్భై ఏళ్లవాడికంటే బీదవాడు. కొత్త ఆటంటే మొదట ఓడిపోవాలి, పది సార్లో ఇరవై సార్లో. ఆ ఓటములకు తీరిక కావాలి. గంటకు ఇంత అని కూలి లెక్క మనసులో తిరుగుతున్నవాడు ఓడిపోవడానికి గంట ఖర్చు పెట్టలేడు. అందుకే తెలిసిన ఆటే ఆడతాడు, లేకపోతే ఏదీ ఆడడు. మా వాడలో ఆటల వయసు ఇంత తొందరగా ముగిసిపోవడానికి కారణం పుట్టిన తేదీ కాదు, పాళీ.

దీనికి మా ఊరి గతంలోనే సాక్ష్యాలున్నాయి. 2007కు ముందు భివండిలో గంటల తరబడి కరెంటు పోయేది. సాంచాలు ఆగిపోతే కూలి ఆగిపోయేది, అది నిజమైన కష్టం. అయినా ఆ గంటల్లో కార్ఖానాల ముందు యాభై ఏళ్లవాళ్లు కుర్రాళ్ల పక్కన చేరి క్యారమ్ నేర్చుకునేవాళ్లు. 2007 జనవరిలో కరెంటు సరఫరా టోరెంట్ పవర్ చేతికి వెళ్లింది. క్రమంగా కోతలు తగ్గాయి, సాంచాలు ఆగకుండా నడిచాయి. చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చాయి, మంచిదే. ఆ క్యారమ్ బల్లల చుట్టూ ఉన్న గుంపు మాత్రం పలచబడింది.

2020 మార్చి చివర దేశమంతా లాక్‌డౌన్ పడింది. భివండి సాంచాలు మూగబోయాయి. ఎందరో కార్మికులు ఉన్న నాలుగు వస్తువులు మూట కట్టుకుని సొంతూళ్లకు దారి పట్టారు. ఉండిపోయినవాళ్లకు పని లేదు, తిండికి కటకట. ఆ కష్టకాలాన్ని తీపి చేసి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఒక మార్పు కళ్లారా చూశాను. నవీ ముంబైలో తయారై 2016లో వచ్చిన లూడో కింగ్ ఆ వారాల్లో ఇంటింటికీ చేరింది. అంతకుముందు ఫోనులో ఆటంటే మొహం తిప్పుకున్న పెద్దవాళ్లు పిల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఊళ్లో ఉన్న అన్నదమ్ములతో ఆడారు. వాళ్ల వయసు తగ్గలేదు కదా. తగ్గని వయసుతోనే కొత్త ఆట పట్టారు. అప్పుడు దొరికినవి రెండు: తీరిక, పక్కన ఒక మనిషి.

పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో మా చిన్నాయన ఇంట్లో చూశాను. ఆయనకు అరవై దాటింది, జీవితమంతా సాంచాల మీదే గడిపాడు. మనవడు సబ్‌వే సర్ఫర్స్ ఆడుతుంటే పక్కనే మంచం మీద కూర్చుని చూస్తుండేవాడు. పట్టాల మీద ఒక పిల్లాడు పరిగెత్తుతుంటాడు, ఎదురుగా రైళ్లు వస్తుంటాయి, తప్పించుకోవాలి. చిన్నాయన ఫోను ముట్టుకోలేదు, అడగనూ లేదు. కొన్ని రోజులు అలా చూశాక ఒక సాయంత్రం "ఇగ నాకియ్యిరా" అన్నాడు. వేలు పెట్టి ఒత్తాడు, ఏమీ కాలేదు. "తాతా, ఒత్తుడు కాదు, పైకి గుంజు" అన్నాడు మనవడు. గుంజినా తెర వినలేదు. పిల్లాడు తడిగుడ్డ తెచ్చి తాత వేలు తుడిచి మళ్లీ పెట్టించాడు. బొమ్మ ఎగిరింది. తర్వాత రైలుకు గుద్దుకుంది, మళ్లీ గుద్దుకుంది. కాసేపటికి మూడు రైళ్లు వరుసగా తప్పించుకున్నాడు. మనవడు ఆశ్చర్యపోయి "ఎట్ల తాతా" అని అడిగితే చిన్నాయన చెప్పిన మాట నేను మరిచిపోలేను. "నువ్వు ఉరికే పోరని మీద కన్ను పెడ్తున్నవ్‌రా. నేను ముంగటి తొవ్వ మీద పెడ్తున్న. ఒక్క సాంచానే సూసుకుంట నిలవడితే తతిమ్మా సాంచాలల్ల దారం తెగుతది గద."

ఒక్కడే అరడజను సాంచాలు చూసుకున్న మనిషికి చూపును ఒకచోట పాతేయకుండా అంతటా పరిచి ఉంచడం అలవాటు. ఇరవై ఏళ్లవాడి వేలికున్న వేగం ఆయనకు లేదు, ఆయన చూపుకున్న వెడల్పు ఇరవై ఏళ్లవాడికి లేదు. వయసు ఒక చేత్తో తీసుకుని రెండో చేత్తో ఇస్తుంది. ఇచ్చినదాన్ని వాడుకోవాలంటే ముందు ఆటలోకి దిగాలి.

దిగినవాళ్లు లోకంలో ఉన్నారు. జపాన్‌కు చెందిన హమాకో మోరి 1930లో పుట్టారు. యాభై దాటాక వీడియో గేములు మొదలుపెట్టి వదల్లేదు. తొంభై ఏళ్ల వయసులో, 2020లో, ప్రపంచంలోకెల్లా పెద్ద వయసు గేమింగ్ యూట్యూబర్‌గా ఆవిడను గిన్నిస్ గుర్తించింది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ గజాలీ బృందం 60 నుంచి 85 ఏళ్లవాళ్లకు కారు నడుపుతూ గుర్తులు పట్టే ఆట ఒకటి నేర్పింది. నెల రోజుల సాధన తర్వాత వాళ్లు ఆ ఆటలో సాధన లేని ఇరవై ఏళ్లవాళ్లను దాటేశారని, ఆరు నెలలయ్యాక కూడా ఆ పట్టు నిలిచిందని 2013లో ప్రచురించారు. తగిన సాధన, తగిన తోడు ఉంటే ముదిమి వయసు కూడా కొత్తదాన్ని పట్టుకుంటుంది.

పెద్దవాళ్ల వెనుకంజకు ఇంకో కారణముంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఫోనులో ఆట పేరుతో డబ్బు పందేలు ఇళ్లలోకి వచ్చాయి, కూలి డబ్బులు రాత్రికి రాత్రి పోగొట్టుకున్నవాళ్లున్నారు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతో ఆటనే దూరం పెడితే నష్టం మనదే. ఓడినప్పుడు పోయేది ఒక్క మలుపే అయితే అది ఆట, పోయేది కూలి అయితే అది జూదం. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఈ తేడా తెలిస్తే చాలు.

భివండి మారిపోతోంది. పాత సాంచాలు తుక్కు కింద పోతున్నాయి, వాటి చోట నాడె లేని రేపియర్ మగ్గాలు వస్తున్నాయి, ఊరి చుట్టూ గోదాములు లేచాయి. యాభై ఏళ్ల వయసులో రేపియర్ మగ్గం ముందు కొత్తగా నిలబడ్డ మనుషుల్ని చూశాను. వాళ్లు నేర్చుకోగలిగారు, ఎందుకంటే నేర్చుకునే రోజుల్లో మగ్గాలు సరిచేసే జాబర్ పక్కనే నిలబడ్డాడు, తప్పు చేస్తే సరిదిద్దాడు. పొట్ట కోసం కొత్తది నేర్చుకోగల మనిషి సంతోషం కోసం ఎందుకు నేర్చుకోలేడు? అతనికి ఆ హక్కు లేదని ఎవరు చెప్పారు?

అందుకని నాకు రెండు కోరికలున్నాయి. ఒకటి యజమానులకూ సర్కారుకూ. వయోజనులతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అయినా చిన్న కార్ఖానాల్లో 12 గంటల పాళీ ఆనవాయితీగా సాగుతూనే ఉంది. కూలి తగ్గకుండా పాళీ తగ్గించండి. మిగిలే ఆ మూడు గంటలు నిద్రకూ పిల్లలకూ ఆటకూ చెందాలి. రెండోది మా వాడ పిల్లలకు. మీ నాన్నకో తాతకో ఫోను ఇచ్చి పోవద్దు. పక్కన కూర్చోండి, ముందు మీరు ఆడుతూ చూడనివ్వండి, తర్వాత ఆయన ఓడిపోతుంటే నవ్వకండి. మీకు సాంచా చప్పుడు వినపడని చదువు చెప్పించడానికి వాళ్లు తమ తీరికంతా ఇచ్చేశారు. అందులో కొంత తిరిగి ఇవ్వడం మీ చేతుల్లోనే ఉంది.