కొంగుకి ముడి

పాలు పొంగితే శుభమంటారు. ఆ లెక్కన మా ఇంట్లో ఏడాదికి మూడువందల అరవై అయిదు గృహప్రవేశాలు! పొయ్యి పక్కనే నిలబడి, కళ్ళెదుటే పాలు పొంగించగల ప్రజ్ఞ నాది. నవలలో మూడు తరాల మనుషుల్ని తికమక పడకుండా నడిపిస్తాను. అదే గ్యాసు బుక్ చేద్దామని లేస్తే, ఫోను వెతుకుతూ, దారిలో కనిపించిన బట్టలు మడతపెట్టబోయి, అదీ సగంలో వదిలి, అసలెందుకు లేచానో మరిచిపోతాను. “బి.ఏ. చదివావు, ఆమాత్రం గుర్తుండదూ?” అంటారు మావారు. బి.ఏ.లో ఆ పాఠం లేదు మరి!

ఇన్నాళ్ళూ ఇది నవ్వుకోవడానికి పనికొచ్చేది. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఓ రాత్రి పదకొండు దాకా కూర్చుని సైన్సు రికార్డు పూర్తి చేసింది. తెల్లారి దాన్ని బల్లమీదే వదిలేసి స్కూలుకి వెళ్ళిపోయింది. ఆ నెలలో అది నాలుగోసారి. సాయంత్రం రాగానే దులిపేశాను. “శ్రద్ధ ఉంటే మర్చిపోతావుటే? నీకసలు దేనిమీదా లెక్కలేదు!”

అది ఎదురు చెప్పలేదు. తలొంచుకుని, “నా బుర్రే సరైంది కాదేమోనమ్మా” అంది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సరిగ్గా ఆ వయసులో, పుస్తకాల సంచీ పోగొట్టుకుని, పెరట్లో నూతిగట్టు మీద కూర్చుని నేననుకున్న మాటే అది.

పిల్లల మానసిక వైద్యురాలికి చూపించాం. ఆవిడ మమ్మల్నీ, టీచర్లనీ ఎన్నో అడిగి, రెండుమూడు సార్లు పిల్లతో మాట్లాడి, అప్పుడు చెప్పారు, ఏ.డి.హెచ్.డి. అని. తెలివి తక్కువై కాదుట. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం, పని మొదలెట్టడం, గడిచే కాలాన్ని పసిగట్టడం, వీటి దగ్గరే చిక్కంతా. సరుకులున్నాయి, వంటవాళ్ళున్నారు, అజమాయిషీ చేసే పెద్దే లేని పెళ్ళిల్లన్నమాట!

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివికి లోటు లేకపోయినా నిలకడలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఆయనా లోపాన్ని వాళ్ళ నైతిక నిగ్రహంలోనే చూశాడు. ఆయన్నని ఏం లాభం? నేను చేసిందీ అదేగా! మన భాషలో ‘శ్రద్ధ’ అంటే దృష్టీ అవుతుంది, ఆపేక్షా అవుతుంది. అందుకే కాబోలు, దృష్టి తప్పిన పిల్లని ఆపేక్ష లేని పిల్ల అనేస్తాం.

ఇది వంశంలో దిగొచ్చే అవకాశం ఎక్కువట. ఆడపిల్లల్లో చాలామందికి గెంతులకన్నా పరధ్యానమే ఎక్కువ కావడంతో ఆలస్యంగా బయటపడుతుందట. డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి నాకేసి చూసి, “చిన్నప్పుడు మీరెలా ఉండేవారమ్మా?” అన్నారు. అంతా చెప్పి, పిల్ల ఫైలు అక్కడే మరిచి వచ్చేశాను. ఆవిడకి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మా వీధి తలుపు పక్కన ఓ కొక్కెం, ఓ పలక ఉన్నాయి. రాత్రే సంచీ సర్ది కొక్కేనికి తగిలించాలి. పలకమీద నాలుగే మాటలు: రికార్డు, డబ్బా, కళ్ళజోడు, తాళం. అది లెక్కలు చేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తాను. పాఠం చెప్పను, ఊరికే ఉంటాను. ఆ ఊరికే ఉండడమే దానికి ఆసరా. అయినా మొన్న మళ్ళీ రికార్డు మరిచిపోయింది. ఈసారి తిట్టలేదు, పలకని ఇంకాస్త కిందికి దించాం.

మా అమ్మ పమిట కొంగుకి ఎప్పుడూ రెండు మూడు ముడులుండేవి. ఒకటి పాలవాడి లెక్కకి, ఒకటి ఉత్తరానికి. ఒక్కోసారి ముడి పట్టుకుని, “ఇదెందుకేశానే?” అని నన్నే అడిగేది. నన్ను అన్నేసి మాటలన్న అమ్మ, తన చేతకానితనాన్ని కొంగున దాచుకు తిరిగిందని ఇన్నేళ్ళకి తెలిసింది. అప్పుడే తెలిసుంటే, ఆ నూతిగట్టు మీద ఇద్దరం కూర్చుని ఉండేవాళ్ళం.