ఎర్రమట్టి దారుల్లో మేఘాల వెంట

అమెరికా అనగానే మనకి నయాగరా, డిస్నీలాండ్, ఆకాశాన్నంటే మేడలూ గుర్తొస్తాయి. ఓక్లహోమా పేరు చెబితే మాత్రం ‘అదెక్కడమ్మా?’ అంటారు. టెక్సస్ రాష్ట్రానికి సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. కనుచూపుమేర గోధుమచేలు, ఎర్రమట్టి, పైన బోర్లించిన మూకుడులా ఆకాశం. ఆ ఆకాశంలో లేచే తుఫాను మబ్బుల్ని చూడ్డానికే ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కడెక్కడివాళ్ళో కార్లేసుకుని వస్తారంటే మీరు నమ్ముతారా? అక్కయ్య పరిచయమయ్యేదాకా నేనూ నమ్మలేదు.

మావారి ఉద్యోగరీత్యా నార్మన్ అనే ఊళ్ళో ఆరేళ్ళున్నాం. అమెరికా మొత్తానికీ సుడిగాలుల సూచనలు ఇచ్చే కేంద్రం ఆ ఊళ్ళోనే ఉంది. ప్రతి శనివారం పట్టపగలు పన్నెండింటికి సైరన్ మోగించి పరీక్షిస్తారు. మొదటిసారి విన్నప్పుడు నా గుండె జారిపోయింది. మాది కోనసీమ. 1996 నవంబరు తుఫానుకి మా కొబ్బరితోట నేలమట్టమైంది. అప్పట్నించీ గాలి హోరంటే నాకు దడ.

అక్కయ్యది దివిసీమ. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేది. చక్కగా చీర కట్టుకుని సత్యనారాయణ వ్రతానికి పిలిచే మనిషే మే నెలొస్తే ప్యాంటూ బూట్లూ వేసుకుని మబ్బుల వెంటపడేది! “వంట రోజూ ఉండేదే చెల్లాయ్, ఇలాంటి మబ్బు రోజూ రాదు” అనేది.

ఆ మబ్బు ఎలా పుడుతుందో మన వంటింటి భాషలోనే చెప్పింది. దక్షిణాన సముద్రం నుంచి వెచ్చటి తేమగాలి వస్తుంది. పడమటి నుంచి వచ్చే పొడిగాలి దానిమీద మూతలా కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండకి కింద వేడెక్కి మూత ఎగిరిందా, గంటా రెండు గంటల్లో మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి పొంగుతుంది. కింద గాలి ఒకవైపు, పైన గాలి మరోవైపు వీస్తుంటే కవ్వం తిప్పినట్టు మబ్బంతా తిరుగుతుంది. అలా తిరిగే వాటిలో కొన్నిటికే సుడిగాలి దిగుతుంది. అందుకే పదిసార్లు వెళితే తొమ్మిదిసార్లు ఉత్తచేతులతో రావడమే.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. పడమటి దారిలో ఎల్ రీనో అనే ఊరొస్తుంది. అక్కడ ఉల్లిపాయ బర్గర్ ప్రసిద్ధి. వెనకటి కరువు రోజుల్లో మాంసం ఖరీదని, సన్నగా తరిగిన ఉల్లిపాయలు గుప్పెళ్ళతో కలిపి పెనం మీద అదిమి కాల్చేవారట. లేమిని సర్దుకునే ఇల్లాలి తెలివి ఏ దేశంలోనైనా ఒకటే!

మూడు గంటలు చేల మధ్య కూర్చున్నాక పడమట నల్లగా లేచింది. ఆ మబ్బులు సాధారణంగా ఈశాన్యానికి కదులుతాయి. కాబట్టి వాటికి ఆగ్నేయంగా నిలబడాలి, కారు ముక్కు తప్పించుకునే దారివైపు ఉండాలి. ఇవి అక్కయ్య నియమాలు. వెచ్చటి గాలి మా వెనక నుంచి మబ్బులోకి ఈడ్చుకుపోతోంది. మబ్బు అడుగు గోడలా కిందికి దిగి మెల్లగా తిరగసాగింది. అక్కయ్య ఫోను తీసి, ఎక్కడ ఉన్నదీ, వడగళ్ళు కోడిగుడ్డంత పడుతున్నదీ వాతావరణశాఖకి చెప్పింది. వాళ్ళు ఇలాంటి స్వచ్ఛంద పరిశీలకులకి ఉచితంగా శిక్షణ ఇస్తారు. రాడార్ ఎంత గొప్పదైనా నేల దగ్గర ఏం జరుగుతోందో కంటితో చూసినవాళ్ళే చెప్పాలి. చెప్పడం అవగానే “ఇక చాలు, పద” అంది. నాకు సుడిగాలి చూడాలనే ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు.

తిరుగుదారిలో అడిగాను, ఈ పిచ్చి ఎందుకని. “1977 నవంబరు 19న నాకు పన్నెండేళ్ళు. ఉప్పెన వస్తుందని మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. మా పిన్నీ, ఇద్దరు పిల్లలూ పోయారు. చూసి చెప్పేవాళ్ళుంటే బతికేవారేమో” అంది. పదివేలమందికి పైగా పోయిన ఉప్పెన అది. ఆ తర్వాత నేను మళ్ళీ ‘పిచ్చి’ అన్న మాట వాడలేదు.

2013 మే 31న ఎల్ రీనో దగ్గరే 4.2 కిలోమీటర్ల వెడల్పు సుడిగాలి వచ్చింది. అంత వెడల్పైనది అంతవరకూ నమోదు కాలేదు. అది ఉన్నట్టుండి దిశా వేగమూ మార్చడంతో టిమ్ సమారాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ చనిపోయారు. సుడిగాలి దారిలో తాబేలులాంటి పరికరాలు పెట్టి లోపలి గాలిపీడనం కొలిచిన మనిషాయన. జాగ్రత్తపరుడని పేరు. ఆయన పేరెత్తితే అక్కయ్య గొంతు తగ్గిపోయేది. “ప్రేమ ఉండచ్చు, చనువు పనికిరాదు” అనేది.

అక్కయ్యని తీసుకెళ్ళింది గాలి కాదు, జబ్బు. పోయినేడు వెళ్ళిపోయింది. ‘ట్విస్టర్’ సినిమా నటుడు బిల్ పాక్స్‌టన్ 2017లో చనిపోయినప్పుడు ఈ తుఫాను వేటగాళ్ళు ఆన్‌లైన్ మ్యాపులో తమ కార్ల చుక్కల్ని అమర్చి ఆయన పేరులోని పొడి అక్షరాలు రాశారు. అక్కయ్యకి అంత ఆర్భాటం జరగలేదు. ఆవిడ ఫోన్ల వల్ల ఎవరు ఏ వేళకి నేలమాళిగలోకి దిగారో వాళ్ళకే తెలీదు.

మీరు పిల్లల దగ్గరికి అటువైపు వెళితే ఆవిడ మాటగా ఇవి గుర్తుంచుకోండి. ‘వాచ్’ అంటే రావచ్చు, సిద్ధంగా ఉండమని. ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది, వెంటనే దాక్కోమని. నేలమాళిగ లేకపోతే కింది అంతస్తులో కిటికీలు లేని మధ్యగదిలోకో, స్నానాలగదిలోకో వెళ్ళి తలమీద పరుపో బొంతో కప్పుకోండి. రోడ్డు వంతెన కింద మాత్రం నిలబడకండి, అక్కడ గాలి మరింత జోరుగా దూసుకొస్తుంది. పొయ్యి కట్టేయడం మరవకండి. కూర మాడితే మళ్ళీ వండుకోవచ్చు.