తెగ పేరు ఎవరు రాశారు?

నేను హేతువాద సంఘంలో చేరి చాలా కాలమైంది. కులం అబద్ధమని నలుగురికీ చెప్పేవాణ్ణి. కానీ ఆఫ్రికా విషయానికి వచ్చేసరికి నా బుర్రలో వేరే బొమ్మ ఉండేది. అక్కడ తెగలుంటాయి, ఒక్కో తెగకి ఒక రక్తం, ఒక భాష ఉంటాయి అనుకునేవాణ్ణి. ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ లో రెండేళ్ళు ఉండడం వల్ల ఆ బొమ్మ చెరిగిపోయింది.

ఆ దేశానికి 12 అధికార భాషలు. 1996 నాటి రాజ్యాంగం 11 భాషలని గుర్తించింది, 2023లో సైగల భాషని కలిపారు. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో జూలూ మాట్లాడేవాళ్ళు 24 శాతం పైన, ఖోసా మాట్లాడేవాళ్ళు 16 శాతం పైన ఉన్నారు.

మా ఆఫీసులో జూలూ డ్రైవరు, ఖోసా గుమాస్తా ఎవరి భాషలో వాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. "మీవి వేరువేరు భాషలు కదా, ఎలా అర్థమవుతుంది?" అని అడిగాను. "ఎందుకు అర్థం కాదు?" అని డ్రైవరు నన్నే ఎదురడిగాడు. రెండూ అంత దగ్గర భాషలు. సోతో, త్స్వానా, పెడీ భాషలు కూడా అంతే. 19వ శతాబ్దంలో సోతోవాళ్ళ దగ్గర ఫ్రెంచి మిషనరీలు, త్స్వానావాళ్ళ దగ్గర లండన్ మిషనరీలు, పెడీవాళ్ళ దగ్గర బెర్లిన్ మిషనరీలు పనిచేశారు. ఎవరి స్పెల్లింగ్ వాళ్ళు పెట్టుకున్నారు, ఎవరి బైబిల్ వాళ్ళు అచ్చు వేసుకున్నారు. భాషల మధ్య గీతలు గట్టిపడడానికి అది ఒక పెద్ద కారణం.

జూలూ, ఖోసా భాషల్లో నాలుకతో టక్కుమని పలికే శబ్దాలున్నాయి. అవి కూడా పుట్టుకతో వచ్చినవి కావు. అంతకు ముందు నుంచీ అక్కడున్న ఖోయి, సాన్ ప్రజల భాషల నుంచి వచ్చాయి. కోడలు మామగారి పేరునీ, ఆ పేరులాగా వినిపించే మాటలనీ పలకకూడదని వాళ్ళలో ఒక ఆచారం ఉంది. మన ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పకూడదు అనేవాళ్ళు కదా, అలాంటిదే. మాటలోని అక్షరం మార్చి పలకడానికి ఆడవాళ్ళు ఈ శబ్దాలని వాడుకున్నారని కొందరు భాషావేత్తలు అంటారు. ఒక మూఢాచారం భాషని మార్చి ఉండొచ్చు. రక్తానికి మాత్రం ఇందులో పని లేదు.

ఆఫ్రికాన్స్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అది తెల్లవాళ్ళ భాష అని పేరు. డచ్చి భాష బానిసల నోట్లో, ఖోయి ప్రజల నోట్లో నలిగి అలా తయారయింది. కేప్ టౌన్ ముస్లింల కోసం 1877లో ఆ భాషలో ఒక మత గ్రంథాన్ని అరబిక్ లిపిలో అచ్చు వేశారు. అదే భాషని బడుల్లో బలవంతంగా రుద్దితే 1976లో సోవెటో విద్యార్థులు తిరగబడ్డారు, తూటాలకి బలయ్యారు.

ఇక చట్టం సంగతి చూడండి. 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవాళ్ళు. జారి పడితే తెల్లవాడు, ఇరుక్కుంటే కాదు! ఒకే కుటుంబంలో వాళ్ళకి వేరువేరు ముద్రలు పడ్డాయి. దీన్ని శాస్త్రం అనగలమా? 1991లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

ఇదంతా చదివి నేను చాలా తెలివిమీరాననుకున్నాను. అప్పుడే మా ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చాడు. ఇంటిపేరు నాయుడు. 1860 నుంచి 1911 దాకా చెరకు తోటల్లో పని చెయ్యడానికి మద్రాసు నుంచి ఓడల్లో వెళ్ళిన కూలీల్లో ఆయన ముత్తాత ఒకడు. ఆయనకి తెలుగు రాదు. ఆ దేశ రాజ్యాంగం గౌరవించాలని చెప్పిన భాషల జాబితాలో తెలుగు ఉందని ఆయనే నాకు చెప్పాడు. నేను సంతోషించి వెంటనే ఏమడిగానో తెలుసా? "మీదేం కులం?" అని.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి ఇలా అన్నాడు: "ఓడ పట్టీలో కులానికి ఒక గడి ఉండేది. మా ముత్తాత ఏది చెప్పాడో గుమాస్తా అది రాసుకున్నాడు. తరువాత ప్రభుత్వం మమ్మల్ని ఇండియన్ అని రాసింది. ఇప్పుడు మీరు ఏమని రాసుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు. పెన్సిల్ పరీక్షని వెక్కిరించినవాణ్ణి, నా చేతిలోనూ ఒక పెన్సిల్ ఉందని గమనించలేదు.

"జాతి అబద్ధమైతే నష్టపోయినవాళ్ళని లెక్కపెట్టడం ఎందుకు, ఉద్యోగాల్లో వాటాలెందుకు?" అని కొందరు వాదిస్తారు. ఈ ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ముద్ర అబద్ధమే, కానీ ఆ ముద్ర వల్ల పోయిన భూమీ, చదువూ అబద్ధం కాదు. నష్టం తీర్చడానికి లెక్క అడగడం వేరు, మనిషి కనపడగానే తూకం వెయ్యడానికి అడగడం వేరు. ఆ రోజు నేను అడిగింది రెండో రకం. తెగల గురించి ఎవరైనా నవ్వుతూ మాట్లాడినప్పుడల్లా ఆ పెద్దాయన ప్రశ్నే నాకు గుర్తొస్తుంది.