తలకోనకు నడిచి వెళ్లేవారికి

తిరుపతి జిల్లాలో నెరబైలు దాటితే శేషాచలం అడవుల నడుమ తలకోన జలపాతం ఉన్నది. నీరు సుమారు 270 అడుగుల ఎత్తునుండి దూకుతుంది. సిద్ధేశ్వరస్వామి గుడివద్ద బండి దిగి, చెట్ల నీడన కొంతదూరం నడవాలి. దారిలో లావైన గిల్లతీగలు కొమ్మలను పెనవేసుకొని కనబడతాయి. కోతులున్నవి, చేతిసంచి భద్రం.

వానల తరువాత ధార నిండుగా ఉంటుంది. అయితే బండలు పాచిపట్టి జారేది కూడా అప్పుడే. మడుగులో నీటి అడుగున రాళ్లు పైకి కనబడవు. 2023లో ఒక యువకుడు అందులో దూకి ప్రాణం పోగొట్టుకొన్నాడు. కనుక తల్లిదండ్రులారా, పిల్లల చెయ్యి విడువకండి. ఎదిగిన కుమారులకు ముందే చెప్పండి. దూకడం నీటి పని. నిలబడి కన్నులారా చూచి, అందరూ క్షేమంగా ఇల్లు చేరడం మన పని.