ఫెన్వే పార్కు: బోస్టనువారి బంతియాటల లోగిలి

అమెరికాలోని బిడ్డల యిండ్లకు పోయి ఆరేసి మాసములుండి వచ్చు తల్లులు నేడు మనలో పెక్కుమంది కలరు. అట్టివారు బోస్టను నగరప్రాంతమునకు పోయినచో, వేసవినాళ్ళలో మనుమలు నీలపుటోపీలు పెట్టుకొని టెలివిజను ముందు కూర్చుండి కేకలు వేయుచుండుట చూడక తప్పదు. ఆ యాట బేసుబాలు. ఆ జట్టు పేరు రెడ్ సాక్సు, అనగా ఎఱ్ఱమేజోళ్ళవారు. “అమ్మమ్మా, నీవును రా” యని పిల్లలు పిలిచినప్పుడు, “నాకేమి తెలియునురా” యని వంటయింటిలోనికి మరలువారే హెచ్చు. మేమట్లు మరలక, రెండు వేసవులలో పలుమారులు ఆ జట్టువారి స్వస్థలమగు ఫెన్వే పార్కునకు పోయి చూచితిమి. పోదలచు సోదరీమణుల కుపయోగపడునని యీ సంగతులు వ్రాయుచున్నాము.

ముందుగా ఆటను గూర్చి కొంత తెలిసికొనుట మేలు. క్రికెట్టు చూచినవారికిది యంత క్రొత్తగా తోచదు. పక్షమునకు తొమ్మండుగురు. ఒకడు బంతి విసరును, ఒకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు వరుసగా మూడు మెత్తలను తాకుచు పరుగెత్తి, తాను బయలుదేరిన చోటికి మరల వచ్చినచో నొక పరుగు లెక్క. ఆ బయలుదేరిన చోటిని వారు ‘హోము’ అందురు, అనగా ఇల్లు. ఇల్లు విడిచి చుట్టివచ్చి మరల నిల్లు చేరుకొనుటకే యింత గొడవ. ముగ్గురు వెళ్ళగొట్టబడినంతట ఎదుటిపక్షము వంతు వచ్చును. ఇట్లు తొమ్మిది వంతులు. అప్పటికిని సమముగా నున్నచో తేలువఱకు ఆడుదురు. ఇంతమాత్రము తెలిసిన చాలును. తక్కినది ప్రక్కనున్న మనుమడు చెప్పును, వలదన్నను చెప్పును.

ఇక స్థలమును గూర్చి. ఫెన్వే యను పేరు చిత్తడినేల నుండి వచ్చినది. ఆ ప్రాంతమంతయు నొకప్పుడు రొంపినేల. దానిని బాగుచేసి తోటలుగను వీధులుగను తీర్చిరి. అందు 1912 ఏప్రిలు 20వ తేదీన ఈ క్రీడాస్థలమున మొదటి లీగు ఆట జరిగెను. బోస్టనువారు న్యూయార్కువారిని పదునొకండవ వంతున 7-6 గా గెలిచిరి. అంతకు నైదు దినములకు ముందే టైటానిక్కు ఓడ మునిగియుండుటచే పత్రికలలో ఈ ముచ్చటకు తగిన చోటు దొరకలేదు. నేడు అమెరికాలోని పెద్ద జట్లు ఆడుచున్న స్థలములలో నిదియే యన్నింటికంటె పాతది.

ఊరి నడుమ, ఉన్న వీధులను కదల్పక, వాని సందున నిమిడించి కట్టుటచే దీని రూపు వంకరటింకరగా నుండును. ఎడమవైపున లాన్స్‌డౌను వీధి మిక్కిలి దగ్గర. అందుచే నాదిక్కున ఎత్తయిన గోడ కట్టవలసివచ్చెను. అది 37 అడుగుల 2 అంగుళముల యెత్తు. కొట్టువాడు నిలుచు చోటికి దూరము 310 అడుగులని దానిమీదనే వ్రాసియుందురు. మొదట కఱ్ఱతో కట్టిరి. 1934లో రేకు తొడిగిరి. 1947లో అంతకుముందు దానిమీద నున్న ప్రకటనలన్నియు తీసివేసి ఆకుపచ్చరంగు పూసిరి. ఆ పిమ్మట దానికి ‘గ్రీన్ మాన్‌స్టరు’ అని పేరు వచ్చెను. మన మాటలలో పచ్చరక్కసి యనవచ్చును. మఱియొక చోట ఇంటిదారి పట్టించు దెబ్బ యిచ్చట గోడకు తగిలి క్రిందపడును. మఱియొక చోట సులువుగా పట్టుకొనదగిన మెల్లని యెత్తుబంతి యిచ్చట గోడదాటిపోవును. న్యాయమెక్కడిదని యడిగినచో బోస్టనువారు నవ్వుదురు.

ఆ గోడ యడుగున లెక్కలపలక యున్నది. మాకన్నిటికంటె నచ్చినది యిదియే. ఎక్కడ చూచినను విద్యుత్తెరలు వెలుగుచున్న యీ కాలమునను, ఇచ్చట గోడలోపలి యిఱుకుగదిలో మనుష్యులు కూర్చుండి, రేకుల మీద వ్రాసిన అంకెలను చేతితో తీసి పెట్టుచుందురు. పలక మీది నిలువుగీతలలో, తంతివార్తల చుక్కలు గీతల భాషలో, పూర్వపు యజమాని టాము యాకీ, ఆయన భార్య జీను యాకీ గార్ల పేళ్ళ మొదటి యక్షరములు వ్రాసియున్నవి. చెప్పినగాని తెలియదు. భర్త 1976లో పోయిన పిమ్మట ఆమెయు జట్టు యాజమాన్యమున పాలుగొనెను. 1992లో ఆమె చనిపోయెను.

టిక్కెట్లు కొనునప్పుడు మాత్రము జాగరూకత వలయును. కప్పు క్రిందనున్న మెట్లవరుసలలో ఇనుపస్తంభములు నిలిచియున్నవి. స్తంభము వెనుక చోటు దొరకినచో బంతి విసరువాడొక ప్రక్క, కొట్టువాడొక ప్రక్క కనబడి, మెడ అటునిటు త్రిప్పుటతోనే పొద్దుపోవును. అట్టి చోటని టిక్కెట్టు మీద తెలుపుదురు, చదువుకొనవలెను. అచ్చటి కఱ్ఱకుర్చీలు 1934 నాటివి, మిక్కిలి యిఱుకు. మోకాళ్ళ నొప్పులవారికి సుఖముండదు. కుడిప్రక్క దూరపువరుసలలో కొన్ని కుర్చీలు ఆటవైపున కాక మైదానపు నడిమికి తిరిగియుండును, అవియు వలదు. స్తంభములు లేనిచోట, మూడవ మెత్త కడ, మరీ క్రిందికి కాక కొంచెము పైగా కూర్చుండుట మేలని మా యభిప్రాయము. ఏప్రిలు, మే మాసములలో సాయంకాలమైన పిమ్మట చలి కొఱుకును, శాలువ మఱువరాదు. పెద్దసంచులు లోనికి రానీయరు గనుక పులిహోర మూటగట్టుకొని పోవు నాశ పెట్టుకొనవలదు.

మైదానమునకు దగ్గరగా కూర్చుండువారు మాటలలో పడి బంతిని మఱువరాదు. 2015 జూనులో విఱిగిన కఱ్ఱ యెగిరివచ్చి ముందువరుసలలోని యొక స్త్రీకి తీవ్రమైన గాయము చేసెను. తరువాత వలలను ఇరుప్రక్కలకు పొడిగించిరి. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు వల వెనుక చోటు కోరుటయే క్షేమము.

శాకాహారుల సంగతి: అచ్చట పేరుపొందినది మాంసపు సాసేజి పెట్టిన రొట్టె, మనకు వేయించిన వేరుసెనగకాయలు, పేలాలు, ఐసుక్రీము ఉన్నవి. కాయలు వలిచి పొట్టు కాళ్ళకడనే పడవేయుట యచ్చటి యాచారము. మాకది కష్టముగనే తోచినది. కాని పైకి చూచినచో మఱియొక సంతోషమున్నది. మూడవ మెత్త వైపున మేడకప్పుమీద 2015లో కూరగాయల తోట వేసిరి. పాలసీసాలు మోయు పెట్టెలలో మన్నుపోసి పెంచిన టమాటాలు, మిరపలు, ఆకుకూరలు అచ్చటి వంటశాలకే పోవును. డాబామీద కుండీలలో పాదులు పెట్టుకొను మనకిది చూడముచ్చట.

కుడివైపున దూరమున, పచ్చని కుర్చీల నడుమ నొక్కటే యెఱ్ఱకుర్చీ కనబడును. 1946 జూను 9వ తేదీన టెడ్ విలియమ్సు కొట్టిన బంతి 502 అడుగులు పోయి, అచ్చట కూర్చుండిన యొక పెద్దమనిషి గడ్డిటోపీకి చిల్లుపొడిచెను. ఆ గుర్తుగా నా కుర్చీకి ఎఱుపు వేసిరి. కొట్టినవాని పేరు జగమెల్ల నెఱుగును. ఇట్టి పేళ్ళను వినుచున్నప్పుడు మాకు హెలెన్ రాబిన్సను గారు తలపునకు వచ్చెను. ఆమె 1941 మొదలు 2001లో చనిపోవువఱకు, అరువదియేండ్లు, ఆ జట్టువారి కార్యాలయమున టెలిఫోను కడ కూర్చుండి పలికెను. యజమానులు మారిరి, ఆటగాండ్రు వచ్చిరి పోయిరి. గొంతు మాత్రము మారలేదు. ఆమెకొక కుర్చీకి రంగు వేసినచో తప్పేమి యుండెనో తెలియదు.

ఈ యింటి చరిత్రలో దాచరాని సంగతి యొకటి కలదు. 1945 ఏప్రిలులో జాకీ రాబిన్సను మొదలగు ముగ్గురు నల్లజాతి యాటగాండ్రను ఇచ్చట పరీక్షకు పిలిచి, ఆడించి చూచి, పంపివేసిరి. అందెవ్వరికిని తరువాత పిలుపు రాలేదు. ఆ రాబిన్సనే 1947లో బ్రూక్లిను జట్టున చేరి దేశమునకు గర్వకారణమయ్యెను. నాటి పదునాఱు జట్లలో నల్లవారిని చేర్చుకొనుటలో కట్టకడపటిది రెడ్ సాక్సు. 1959 జూలైలో పంప్సీ గ్రీను వచ్చువఱకు ఒక్కడును లేడు. అప్పటి యజమాని పైని చెప్పిన టాము యాకీ గారే. ఆయన గౌరవార్థము ముందరి వీధికి 1977లో పెట్టిన పేరును, ఈ కారణముచేతనే, 2018లో తీసివేసి తొల్లిటి జెర్సీ వీధి పేరు మరల పెట్టిరి. ఆ దంపతుల యక్షరములు మాత్రము పలకమీద నిప్పటికిని గలవు. రెండును కన్నులయెదుట నుండుటయే మంచిదని మా తలంపు. పిల్లలడిగినప్పుడు చెప్పుటకు వీలగును.

1999లో ఈ స్థలమును విడిచి ప్రక్కనే క్రొత్తది కట్టుదుమని అప్పటి యాజమాన్యము వారు ప్రకటించిరి. ఇఱుకు, స్తంభములు, కాఱుచున్న కప్పులు, నడవలలో రాపిడి: వారు చెప్పిన లోపములన్నియు నిజమే. అయినను ఊరివారు సంఘముగా చేరి పడగొట్టవలదనిరి. 2002లో జట్టు చేతులు మాఱగా క్రొత్తవారు బాగుచేయుటకే యుద్యమించి, ఆ పనిని జానెట్ మేరీ స్మితు అను విదుషీమణి కప్పగించిరి. బాల్టిమోరులో 1992లో తెఱచిన పేరెన్నికగన్న క్రీడాస్థలపు నిర్మాణమున పాల్గొన్న యామె, మిసిసిపీ సీమ ఆడపడుచు. ఆట లేని శీతకాలములలో పనిచేయించుచు, 2009 వఱకు ఏటికొక భాగము చొప్పున దీనిని చక్కబఱచెను. నడవలు వెడల్పయ్యెను. 2003లో పచ్చరక్కసి నెత్తిమీద, పూర్వము వీధి కిటికీలను కాచుటకు కట్టిన వల యున్నచోట, కుర్చీలు వేసిరి. 2012లో ఇది జాతీయ చారిత్రకస్థలముల పట్టికలో చేరెను. స్తంభములు మాత్రము తీయలేదు. తీసినచో పైకప్పు నిలువదు.

మన సీమలలో మండువాలోగిళ్ళ విషయమున ‘చూరు కాఱుచున్నది, పడగొట్టుడు’ అను మాట నిత్యము వినుచున్నదే. పడగొట్టువారికి కారణములు లేకపోలేదు; ఆ యింట ఊడ్చి తుడిచి నీళ్ళు తోడినది వారు కారు, మనమే. కావున పాతదెల్ల బంగారమని మేమనము. కాని ఒక్క యేడు నిలిచి, మేస్త్రీని కాక ఆ యింట మసలిన ఆడువారిని పిలిచి, ఏది యుంచవలెనో యేది మార్చవలెనో యడుగువారు కనబడరు.

1918 తరువాత ఈ జట్టు మరల జగజ్జెట్టి యగుటకు 2004 వఱకు 86 ఏండ్లు పట్టెను. అదియును సెయింటు లూయిసు ఊరిలో. తమ యింటిలోనే కిరీటమందుకొనుట 2013లో గాని సమకూడలేదు. ఆ యేడే ఏప్రిలు 15వ తేదీన నగరపు పరుగుపందెమున బాంబులు పేలి జనులు మరణించిరి. అయిదు దినములకు మరల ఆట పెట్టినప్పుడు, నీల్ డైమండు గాయకుడు తానే వచ్చి ‘స్వీట్ కేరొలైన్’ పాట పాడెను. ఎనిమిదవ వంతు నడుమ ఆ పాట వేయుట యచ్చట చిరకాలపు వాడుక. ముప్పదియేడు వేలమంది లేచి నిలుచుండి గొంతు కలుపుదురు. పాట రాకున్నను లేచి నిలువవలెను.

కెన్మోరు స్టేషనులో రైలు దిగి కొలదిదూరము నడచినచో ద్వారముల కడకు చేరవచ్చును. ఆటలేని దినములలోను లోపల త్రిప్పి చూపుదురు. ఆట చూచు నోపిక లేనివారు పగటివేళ నట్లు పోయిరావచ్చును. ఆట చూచి మరలువారు తొమ్మిదవ వంతు ముగియకముందే లేచిరండని కొందఱు చెప్పుదురు. మనుమలు రానీయరు. రైలు క్రిక్కిఱిసియుండును గనుక మరియొక పావుగంట కూర్చుండి, దీపములక్రింద తోటమాలులు మన్ను తడుపుచుండగా చూచి, మెల్లగా లేచుట సుఖము.