శాంతినికేతన్‌లో ఆ గోడ

బోల్‌పూర్‌లో రైలు దిగి టోటో ఎక్కితే కాసేపట్లో శాంతినికేతన్. చెట్ల కింద క్లాసులు అందరూ ఫోటో తీసుకునేవే. నన్ను ఆపేసింది మాత్రం కళాభవన్‌లో టైల్స్ బొమ్మలున్న గోడ. 1972లో బినోద్ బిహారీ ముఖర్జీ చేశారు. అప్పటికి ఆయనకు చూపు పోయి దాదాపు 15 ఏళ్లు!

చిన్నప్పుడూ చూపు అంతంతమాత్రమే. ఇతనికి బొమ్మలెలా నేర్పాలని గురువు నందలాల్ బోస్ సందేహిస్తే, ‘శ్రద్ధగా కూర్చుంటున్నాడుగా, ఉండనీ’ అన్నట్టు తేల్చేశారట ఠాగూర్. ఆ కుర్రాడే తర్వాత అక్కడే మాస్టారయ్యాడు. సత్యజిత్ రే ఆయన శిష్యుడే, గురువు మీద డాక్యుమెంటరీ కూడా తీశాడు.

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల సారు లాగేసుకునేవారు. చూపు సరిగా లేని పిల్లాడికి అసలు డ్రాయింగ్ పుస్తకమే కొనిపించలేదు. వాడు బొమ్మలేస్తాడో లేదో ఎవరం అడగనేలేదు.

అన్నట్టు, ఇక్కడ బుధవారం సెలవు. వెళ్లేముందు చూసుకోండి.